టూర్ డి ఫ్రాన్స్ "మౌంటెన్ పాస్" కొనబోయేవారికి హెచ్చరిక

వరంగల్, హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ ప్రాంతాల్లో సైకిల్ పందేలను ఇష్టంగా చూసే మిత్రుల కోసం ఇది రాస్తున్నాను. 2026 టూర్ డి ఫ్రాన్స్ చూపిస్తామని, అందులోనూ ఆల్ప్ ద్యుయెజ్ కొండ మీద "వీఐపీ పాస్"తో నిలబెడతామని చెప్పే ప్రకటన ఒకటి కొద్ది రోజులుగా మన సైక్లింగ్ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నది. ఆ ప్రకటన ఇచ్చిన ట్రావెల్స్ సంస్థ ద్వారానే నేనూ మా మేనల్లుడూ నిరుడు జూలైలో ఫ్రాన్స్ వెళ్లాము. ఇద్దరికీ కలిపి 7,14,000 రూపాయలు కట్టి, చూపిస్తామన్న మూడు కొండల్లో ఒక్కటి కూడా వారి ద్వారా చూడకుండా తిరిగి వచ్చాము. ఫిర్యాదు వినియోగదారుల కమిషన్ ముందున్నందున సంస్థ పేరు రాయడం లేదు. ప్రకటన చూసినవారికి అది ఎవరిదో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. పైగా ఇదే పద్ధతిలో రేపు ఇంకొకరు కూడా అమ్మవచ్చు.

ముందుగా నా తప్పు నేను ఒప్పుకోవాలి. ఇరవై ఏళ్లుగా ప్రతి జూలైలోనూ ఈ పందెం చూస్తున్నవాణ్ణి. అక్కడ సాయంత్రం అయిదున్నరకు స్టేజీ, అంటే ఆ రోజు పందెం, ముగిస్తే మనకు రాత్రి తొమ్మిది అవుతుంది కాబట్టి, మా ఇంట్లో ఆ మూడు వారాలూ భోజనం టీవీ ముందే. 23 రోజుల్లో 21 స్టేజీలు ఉంటాయని, రెండు రోజులు విశ్రాంతి అని, పందెంలో ముందున్నవారు వేసుకునే పసుపు జెర్సీ 1919లో మొదలైందని, కొండల మీద మేటికి ఇచ్చే చుక్కల జెర్సీ 1975లో వచ్చిందని నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఇంత తెలిసినవాణ్ణి, డబ్బు కట్టేటప్పుడు అడగవలసిన ఒక్క ప్రశ్న అడగలేదు: అసలు ఈ పందేనికి టికెట్టు ఉంటుందా?

ఉండదు. టూర్ డి ఫ్రాన్స్ మామూలు రోడ్ల మీద జరుగుతుంది. ఆ రోడ్ల పక్కన నిలబడి చూడడానికి ఎవరికీ పైసా ఇవ్వనక్కరలేదు. ముగింపు గీత దగ్గర అతిథుల కోసం వేసే స్టాండ్లు, భోజన వసతితో కూడిన ప్రత్యేక ఏర్పాట్లు మాత్రం నిర్వాహక సంస్థ ఏఎస్ఓ డబ్బు తీసుకుని ఇస్తుంది. అవి దాని అధికారిక వెబ్‌సైటు ద్వారా, అది గుర్తించిన టూర్ ఆపరేటర్ల ద్వారా దొరుకుతాయి. ఆ ఆపరేటర్ల జాబితా అదే వెబ్‌సైటులో ఉంటుంది, మాకు అమ్మిన సంస్థ అందులో లేదు. ఇది చూడడానికి అయిదు నిమిషాలు చాలు, ఆ అయిదు నిమిషాలు నేను తిరిగి వచ్చాక వెచ్చించాను. మన దగ్గరి మాటగా చెప్పాలంటే, మేడారం జాతరలో చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తీసుకొచ్చే దారి పక్కన నిలబడడానికి ఎవరైనా పాస్ అమ్మితే ములుగు జిల్లాలో చిన్నపిల్లవాడు కూడా నవ్వుతాడు. దేశం మారగానే, కాగితం మీద ఫ్రెంచి పేర్లు కనబడగానే, నాకు ఆ నవ్వు రాలేదు.

ఒక్కొక్కరికి 3,40,000 రూపాయల ప్యాకేజీలో "మౌంటెన్ వీఐపీ యాక్సెస్" అని విడిగా రాసి 42,000 రూపాయలు వేశారు. అంటే ఇద్దరికీ కలిపి 84,000 రూపాయలు ఒక ప్లాస్టిక్ కార్డుకు, దాన్ని మెడలో వేసుకునే పసుపు రంగు నాడాకు పోయాయి. కార్డు మీద మా పేర్లు లేవు, స్కాన్ చేసే కోడ్ లేదు, తేదీ లేదు. ఒక సైకిల్ బొమ్మ ఉంది. వీసాకు మనిషికి 22,000 రూపాయలు ఇందులోనే కలిపారు. ఫ్రాన్స్‌కు కావలసిన షెంగెన్ వీసా రుసుము 90 యూరోలు, ఆపైన దరఖాస్తు కేంద్రం వారి సేవా రుసుము, మిగిలినది ఎవరికి చేరిందో ఊహించుకోవచ్చు. ఆ లెక్క మీద నాకు పెద్దగా పట్టింపు లేదు, పని చేసినందుకు కొంత తీసుకుంటారు. అసలు దెబ్బ హోటల్ దగ్గర తగిలింది.

కొండ స్టేజీని చూడడంలో ఉన్న కష్టమంతా అక్కడికి చేరడంలోనే ఉంది. పేరున్న కొండల మీద వాహనాలను చాలా ముందుగా ఆపివేస్తారు, అందుకే అక్కడివారు ఒకటి రెండు రోజుల ముందే వ్యాన్లు, గుడారాలు వేసుకుని వచ్చి రోడ్డు పక్కన వండుకు తింటారు. జాతరకు ఎడ్లబండ్లు కట్టుకుని ముందే వెళ్లి చెట్ల కింద దిగినవారిని చూసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. కనుక డబ్బు పెట్టవలసింది దేనికైనా ఉంటే అది కొండ అడుగున ఉన్న ఊళ్లో ముందు రాత్రి గదికి, లేదా తెల్లవారుజామున బయలుదేరే బండికి. మా ఏజెంటు నోటిమాటగా "ముగింపుకు పదిహేను నిమిషాల నడక" అన్నాడు. ఒప్పంద పత్రంలో మాత్రం ఒక హోటల్ పేరు, దాని పక్కన చిన్న అక్షరాల్లో "లేదా దానికి సమానమైనది" అని ఉంది. ఆ మూడు మాటల పుణ్యమా అని పద్నాలుగు మందిమి లియోన్ విమానాశ్రయం దగ్గరి హోటల్లో దిగాము. అక్కడి నుంచి మేము చూడవలసిన మొదటి కొండ మోన్ వాంటూ 200 కిలోమీటర్లకు పైనే.

జూలై 22న వాంటూ స్టేజీ. మా బస్సు ఉదయం ఎనిమిదిన్నరకు, అంటే అందరూ ఫలహారం ముగించాక, తీరికగా కదిలింది. కొండ అడుగున ఉన్న బెడ్వాన్ ఊరికి ఇంకా చాలా దూరంలో ఉండగానే పోలీసులు దారి మళ్లించారు. ద్రాక్షతోటల నడుమ చదునైన రోడ్డు పక్కన, నీడ లేని చోట, దాదాపు నాలుగు గంటలు నిలబడ్డాము. చదునైన రోడ్డు మీద ఆ గుంపు ఎంత వేగంగా పోతుందో టీవీలో తెలియదు. ఆ గాలి ముఖానికి తగిలిందని అనుకునే లోపల చివరి సైకిల్ కూడా దాటిపోయింది. పందెంలో అందరికన్నా ముందున్న పొగాచర్‌ను మేనల్లుడు చూశానంటాడు, నేను చూడలేదు. ఆ తరువాత రాళ్లు తప్ప చెట్టు లేని ఆ శిఖరం మీద పొగాచర్, అతని ప్రత్యర్థి వింగెగార్డ్ ఒకరినొకరు వదలకుండా ఎక్కడం, ఆ సంవత్సరపు పందెంలో ఫ్రెంచివారికి తొలి గెలుపుగా వాలెంతాన్ పారె-పాంత్ర్ ముగింపు గీత దాటడం, ఇవన్నీ ఫోనులో చూశాము. అది హనుమకొండలో ఇంట్లో కూర్చుని ఇంకా పెద్ద తెర మీద చూడగలిగేవాళ్లం.

ఆ రాత్రి ఏజెంటుకు ఫోను చేసి నిలదీస్తే, "సార్, అది మా చేతుల లేదు, ఫ్రాన్సోల్లు రోడ్డు బంద్ వెట్టిన్రు, మేమేం జేస్తం" అన్నాడు. రోడ్డు మూసివేత సమయాలు ముందుగానే ప్రకటిస్తారు. ఏ స్టేజీ ఎక్కడని కూడా అంతకుముందు అక్టోబరులోనే పారిస్‌లో ప్రకటిస్తారు. తొమ్మిది నెలలు చేతిలో ఉన్నవాడు చెప్పవలసిన జవాబు అది కాదు.

24న రెండో కొండ కోల్ ద లా లోజ్ స్టేజీకి మేమిద్దరం బస్సు ఎక్కలేదు. తెల్లవారుజామునే బయలుదేరి రైల్లో మూతియే చేరి, అక్కడి నుంచి జనంతో పాటు నడిచి బ్రీద్ లే బాన్ ఊరు దాటి, కొండ మొదలయ్యే వాలు మీద ఒక గోడ నీడన చోటు సంపాదించాము. ఆ ఎక్కుడు 26 కిలోమీటర్లకు పైగా సాగి 2,304 మీటర్ల ఎత్తున ముగుస్తుంది కాబట్టి మేము ఉన్నది దాని తోక మీదే. అయినా వాలు వల్ల సైకిళ్లు నెమ్మదించాయి, ముఖాలు కనిపించాయి. దారిలో నిర్వాహకుల సిబ్బందిలో ఒకామెకు మా వీఐపీ కార్డు చూపించాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది తమది కాదని చెప్పి, ఏ కార్డూ అక్కరలేదన్నట్టు చేత్తో కొండ వైపు చూపింది. పందెం కంటే దాదాపు రెండు గంటల ముందు వచ్చే ప్రచార వాహనాల ఊరేగింపు నుంచి మేనల్లుడు ఒక చుక్కల టోపీ పట్టాడు. ఆ రోజు గెలిచిన బెన్ ఓకానర్ ముందున్న కొద్దిమందిలో మా ఎదుట నుంచే వెళ్లాడు. రైలు చార్జీలు, రొట్టె, నీళ్లు తప్ప ఆ రోజు ఖర్చు లేదు. యాత్ర మొత్తంలో నేను కొండ మీద టూర్ చూశానని చెప్పుకోగలిగింది ఆ మధ్యాహ్నం ఒక్కటే.

25వ తేదీ గురించి న్యాయంగా రాయాలి. మా కార్యక్రమంలో ఆ రోజు కోల్ దె సేజీ శిఖరం మీద నిలబెడతామని ఉంది. ముందు రోజు సాయంత్రం నిర్వాహకులు ఆ కొండను దారిలోంచి తీసివేశారు. అక్కడి ఒక పశువుల మందకు లంపీ స్కిన్ వ్యాధి సోకి, వాటిని చంపవలసి వచ్చింది. స్టేజీ 129.9 కిలోమీటర్ల నుంచి 95 కిలోమీటర్లకు తగ్గింది. మన పల్లెల్లోనూ ఎడ్లు, ఆవులు ఆ రోగంతో ఒళ్లంతా గడ్డలు కట్టి పడిపోవడం చూసినవాణ్ణి గనుక, ఆ రైతుల బాధ ముందు నా యాత్ర ఏపాటిదని అనిపించింది. ఇందులో ఏజెంటు తప్పు లేదు. అయితే లా ప్లాన్య మీద ముగింపు అలాగే ఉంది, అక్కడికి తీసుకువెళ్లవచ్చు. అలా చేయకుండా గుంపును లియోన్‌లో ఒక షాపింగ్ మాల్ దగ్గర దింపి, "ప్రకృతి కారణం" కాబట్టి డబ్బు వాపసు రాదన్నారు. దారి మారితే ఏం చేస్తారో ఒప్పందంలో ఒక్క వాక్యం లేకపోవడం వల్ల వారి మాటే చెల్లింది.

పారిస్‌లో 27న వానలో తడుస్తూ షాంజెలిజే మీద చివరి స్టేజీ చూశాము. అదీ ఉచితమే, అక్కడ కూడా కార్డు ఎవరూ అడగలేదు.

ఇంటికి వచ్చాక ఇంకొకటి బయటపడింది. విదేశీ టూర్ ప్యాకేజీ అమ్మేవారు కొనుగోలుదారు నుంచి ఆదాయపు పన్ను కింద టీసీఎస్, అంటే అమ్మేటప్పుడే ముందుగా తీసుకునే పన్ను, వసూలు చేయాలి. నిరుడు మేము డబ్బు కట్టినప్పుడు 10 లక్షల లోపు మొత్తానికి అది 5 శాతం. మా దగ్గర 6,80,000 మీద 34,000 రూపాయలు ఆ పేరుతో తీసుకున్నారు. ఆ సొమ్ము మన పాన్ మీద ప్రభుత్వానికి జమ అయితే మన పేరు మీద జమ అయిన పన్నులు చూపే ఫారం 26ఏఎస్‌లో కనబడుతుంది, రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. మా ఆడిటరు వెతికితే ఏమీ లేదు. టీసీఎస్ తీసుకున్నందుకు ఇవ్వవలసిన ఫారం 27డి సర్టిఫికెట్ ఇవ్వమని మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ "వచ్చే వారం" అన్నారు. పాస్ విషయంలో వారు తెలియక చేశారేమోనన్న సందేహ లాభం వారికి అప్పటిదాకా ఇస్తూ వచ్చాను. దీనితో అది పోయింది. డబ్బులో కొంత భాగాన్ని సంస్థ ఖాతాకు కాక వేరొక వ్యక్తి ఖాతాకు యూపీఐలో పంపమన్నప్పుడే నాకు తట్టవలసింది.

నోటీసు పంపితే, వచ్చే యాత్రలో మనిషికి 20,000 తగ్గింపు ఇస్తామని జవాబు వచ్చింది. ఆ తరువాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఫిర్యాదు వేశాను. మన నివాసం ఉన్న జిల్లాలోనే వేయవచ్చు. రెండేళ్ల గడువు ఉంటుంది. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపయితే రుసుము లేదు, నాది 10 లక్షల లోపు గనుక 200 రూపాయలు అయింది. దారి తెలియనివారు ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. మాతో వచ్చిన పన్నెండు మందిలో ఇద్దరు మాత్రమే ముందుకు వచ్చారు, మిగిలినవారు "పోనీలెండి సార్" అన్నారు. వారిని తప్పు పట్టను కానీ, వారు ఊరుకున్నందువల్లే అదే ప్రకటన కొత్త రంగుల్లో మళ్లీ వచ్చింది.

ఇక ఈ ఏడాది ప్రకటన సంగతి. పందెం జూలై 4న బార్సిలోనాలో మొదలై 26న పారిస్‌లో ముగుస్తుంది. 24, 25 తేదీల్లో వరుసగా రెండు స్టేజీలు ఆల్ప్ ద్యుయెజ్ మీదే ముగుస్తాయి. 21 మలుపుల ఆ రోడ్డు 13.8 కిలోమీటర్లు, సగటు వాలు 8.1 శాతం, రెండు రోజులు అక్కడే ముగింపు అంటే జనం ఎంత ముందు నుంచి చేరుతారో చెప్పనక్కరలేదు. ప్రకటనలో "ఆల్ప్ ద్యుయెజ్ సమీపంలో" అని మాత్రమే ఉంది. కొండ అడుగున ఉన్న ఊరు బూర్ ద్వాజాన్. గది అక్కడ ఉంటే నడిచి మలుపుల దాకా చేరవచ్చు. గ్రెనోబుల్‌లో అయితే దాదాపు 50 కిలోమీటర్లు, లియోన్‌లో అయితే మా కథే. ఇప్పటికే బయానా కట్టినవారు హోటల్ పేరు, బుకింగ్ నంబరు తీసుకుని స్వయంగా ఆ హోటల్‌కే మెయిల్ పెట్టి ధ్రువపరచుకోండి. "సమానమైనది" అన్న మాట ఉంటే దాని పక్కన కొండకు ఎన్ని కిలోమీటర్ల లోపో రాయించండి. స్టేజీ రోజు బండి ఎన్ని గంటలకు కదులుతుందో, దారి మారితే ఏం చేస్తారో కాగితం మీద పెట్టించండి. "పాస్" పేరుతో విడిగా వేసిన మొత్తాన్ని పూర్తిగా కొట్టివేయమనండి.

ప్రకటనలో రెండో వాయిదాకు ఈ నెలాఖరు గడువని ఉంది. కట్టడానికి ముందు మా రసీదులు, ఒప్పంద పత్రం, నోటీసుకు వచ్చిన జవాబు, ఆ ప్లాస్టిక్ కార్డు ఫోటో చూడదలచినవారు నాకు విడిగా సందేశం పెడితే నకళ్లు పంపిస్తాను.