జాగ్రత్త: లినక్స్ అప్‌గ్రేడ్ తర్వాత కెమెరా కనెక్ట్ కాలేదని బోర్డు మార్పించుకోకండి

కంప్యూటర్‌లో విండోస్‌కి బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వాడుతూ డిజిటల్ కెమెరా కొన్నవాళ్లు, కొనబోతున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. సిస్టమ్ అప్‌గ్రేడ్ అయిన వెంటనే కెమెరా కంప్యూటర్‌లో కనిపించడం మానేస్తే, లోపం కెమెరాలో కాక కంప్యూటర్‌లోనే ఉండే అవకాశం ఎక్కువ. ఈ సంగతి తెలియనివాళ్లు కంగారుగా సర్వీస్ సెంటర్‌కి వెళితే అక్కడ పెద్ద బిల్లు చేతిలో పెడుతున్నారు. నాకూ పెట్టబోయారు.

జరిగింది ఇది. నా కెమెరా వారంటీ అయిపోయి ఎంతో కాలం కాలేదు. కొన్నప్పటి నుంచీ యూఎస్‌బీ కేబుల్ పెట్టగానే ఫొటోలు దిగేవి. నా డిస్ట్రిబ్యూషన్ (లినక్స్‌లో నేను వాడే రకం) కొత్త వెర్షన్‌కి మారాక ఫొటోలు దించుకునే ప్రోగ్రామ్ తెరిస్తే ఎర్రర్ వచ్చింది: 'యూఎస్‌బీ పరికరాన్ని క్లెయిమ్ చేయలేకపోయాం', పక్కన మైనస్ 53 అని నంబరు. కెమెరా కొన్నచోట అడిగితే "మా దగ్గర లినక్స్ తెలిసినవాళ్లు లేరు, సర్వీస్ సెంటర్‌లో చూపించండి" అన్నారు. అక్కడ కౌంటర్‌లో ఉన్న అతను "కంప్యూటర్‌కి కనెక్ట్ కావట్లేదు" అన్న నా మాట విని, కెమెరాకి కేబుల్ కూడా పెట్టకుండానే జాబ్ షీట్ మీద 'యూఎస్‌బీ పోర్ట్ ఫాల్టీ, బోర్డు రీప్లేస్' అని, అంటే కెమెరా లోపలి సర్క్యూట్ బోర్డే మార్చాలని రాసేశాడు. పైగా చెకింగ్ చార్జీ ముందే కట్టించుకున్నారు.

"ఒకసారి మీ కంప్యూటర్‌కే పెట్టి చూడండి" అని అడిగాను. ఇష్టం లేకుండానే పెట్టాడు. కెమెరా వెంటనే దొరికింది, ఫోల్డర్ తెరుచుకుంది, పోయినవారం తీసిన ఫొటోలు వరసగా కనిపించాయి. అప్పుడైనా జాబ్ షీట్ కొట్టేస్తాడనుకున్నాను. "ఇది అప్పుడప్పుడూ వచ్చే ఫాల్ట్ సార్, ఇవాళ పనిచేసినా రేపు పూర్తిగా పోతుంది. ఇప్పుడే మార్పించుకుంటే మంచిది" అన్నాడు. పక్కనున్న ఇంకొకతను మెమరీ కార్డులో కూడా తేడా ఉండొచ్చని, ఫార్మాట్ చేసి చూద్దామని దాన్ని బయటికి తీయబోయాడు. చెయ్యి అడ్డం పెట్టి ఆపాను. ఫొటోల కాపీ ఇంకెక్కడా లేని మనిషి అయితే ఆ రోజుతో అన్నీ పోయేవే. సర్వీస్‌కి ఇచ్చేటప్పుడు కార్డు తీసి ఇంట్లో పెట్టి వెళ్లండి, ఇది మాత్రం మరిచిపోవద్దు.

కెమెరా వెనక్కి తీసుకుని వచ్చి ఇంట్లో చూస్తే కారణం తేలిపోయింది. అది వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది తెలిస్తే మిమ్మల్ని ఎవరూ భయపెట్టలేరు.

మామూలు యూఎస్‌బీ 2.0 కేబుల్‌లో కరెంటుకి రెండు వైర్లు, డేటాకి రెండు వైర్లు ఉంటాయి. కెమెరా పెట్టి ఆన్ చేయగానే కంప్యూటర్ ఆ డేటా వైర్ల మీదనే 'నువ్వెవరు' అని అడుగుతుంది. కెమెరా తన కంపెనీ నంబరు, మోడల్ నంబరు, పేరు చెబుతుంది. టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో) తెరిచి ఎల్‌ఎస్‌యూఎస్‌బీ (lsusb) అనే కమాండ్ ఇస్తే వచ్చే జాబితాలో ఆ నంబరు కనిపిస్తుంది. కానన్ అయితే 04ఏ9, నికాన్ అయితే 04బీ0, సోనీ అయితే 054సీ. మీ కెమెరా ఆ జాబితాలో ఉందంటే పోర్టు, కేబుల్, కెమెరాలోని యూఎస్‌బీ సర్క్యూట్ మూడూ మాట్లాడుకుంటున్నట్టే. బోర్డు నిజంగా చచ్చిపోతే ఆ పేరు అక్కడికి రాదు. నా కెమెరా పేరు అక్షరం పొల్లుపోకుండా అక్కడ ఉంది.

ఇంకా గట్టి రుజువు కావాలంటే కెర్నల్ (లినక్స్ మూల భాగం) ఇచ్చే సందేశాలు చూడండి. సూడోతో, అంటే అడ్మినిస్ట్రేటర్ అధికారంతో, డీమెసేజ్ కమాండ్‌ని మైనస్ డబ్ల్యూ పెట్టి (sudo dmesg -w) నడిపి, ఆ విండో అలాగే ఉంచి కేబుల్ గుచ్చండి. 'న్యూ హై-స్పీడ్ యూఎస్‌బీ డివైస్' అన్న లైను, దాని కింద కెమెరా మోడల్ పేరు వస్తే హార్డ్‌వేర్ గురించి టెన్షన్ అక్కర్లేదు. అలా కాకుండా 'డివైస్ డిస్క్రిప్టర్ రీడ్, ఎర్రర్ మైనస్ 71' అనో, 'డివైస్ నాట్ యాక్సెప్టింగ్ అడ్రస్' అనో పదే పదే వస్తుంటే అనుమానించాల్సిందే. అప్పుడు కూడా ముందు కేబుల్ మార్చండి, హబ్ తీసేసి నేరుగా కంప్యూటర్ పోర్టులో పెట్టండి. ఏ లైనూ రాకుండా బ్యాటరీ మాత్రం చార్జ్ అవుతోందంటే అది డేటా వైర్లు లేని చార్జింగ్ కేబుల్ కావచ్చు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి.

మరి ఎర్రర్ ఎందుకొచ్చింది? లినక్స్‌లో ఎక్కువ భాగం కెమెరాలు పీటీపీ అనే పద్ధతిలో మాట్లాడతాయి. ఇది ఐఎస్‌ఓ 15740 ప్రమాణం. ఆ భాష తెలిసిన లైబ్రరీ లిబ్‌జీఫోటో2. చాలా ఫొటో ప్రోగ్రాములు లోపల దాన్నే వాడుకుంటాయి. అయితే ఒక సమయంలో ఒక్క ప్రోగ్రామే కెమెరాని పట్టుకోగలదు. ఫోన్‌లో ఒకరు మాట్లాడుతుంటే రెండోవారికి ఎంగేజ్ వచ్చినట్టే. గ్నోమ్ లాంటి లినక్స్ డెస్క్‌టాప్‌లలో జీవీఎఫ్‌ఎస్ అనే వ్యవస్థ ఉంది, దాని తాలూకు జీఫోటో2 వాల్యూమ్ మానిటర్ వెనకాల నడుస్తూ కెమెరా పెట్టగానే మౌంట్ చేసి, అంటే తెరిచి వాడకానికి సిద్ధం చేసి, ఫైల్ మేనేజర్‌లో చూపిస్తుంది. అప్‌గ్రేడ్‌తో నా డెస్క్‌టాప్ సెట్టింగులు మారి ఈ ఆటోమేటిక్ మౌంట్ ఆన్ అయింది. ఫైల్ మేనేజర్ ముందే కెమెరాని పట్టేసుకుంటే నా ప్రోగ్రామ్‌కి దొరకలేదు. మైనస్ 53 అర్థం అంతే. కెమెరా పాడైందని కాదు, వేరెవరో వాడుతున్నారని.

ఫైల్ మేనేజర్ పక్క పట్టీలో కెమెరా పేరు పక్కన ఉన్న ఎజెక్ట్ గుర్తు నొక్కి, కేబుల్ కదపకుండా ప్రోగ్రామ్ మళ్లీ తెరిచాను. ఫొటోలు దిగడం మొదలైంది. అదే పని టెర్మినల్‌లో చేయాలంటే జియో మౌంట్ కమాండ్‌కి మైనస్ ఎస్, తర్వాత జీఫోటో2 అని (gio mount -s gphoto2) ఇవ్వాలి. ఆటోమేటిక్ మౌంట్ ఆపేశాక మళ్లీ ఈ బాధ రాలేదు. ఇంత చిన్న పనికి బోర్డు మార్చమన్నారని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మీ విషయంలో కారణం ఇదే కాకపోవచ్చు. అప్‌గ్రేడ్‌లో ఫొటో ప్రోగ్రామ్ స్నాప్ లేదా ఫ్లాట్‌పాక్ (సిస్టమ్ నుంచి విడిగా, పరిమిత అనుమతులతో నడిచే ప్యాకేజీ) రూపంలోకి మారి ఉంటే, దానికి యూఎస్‌బీ పరికరాల్ని ముట్టుకునే అనుమతి లేకపోవచ్చు. ఆ అనుమతి విడిగా ఇవ్వాలి. కొన్ని కెమెరాల్లో వై-ఫై ఆన్‌లో ఉంటే యూఎస్‌బీ పనిచేయదు, మెనూలో చూసి ఆపండి. కెమెరాని వెబ్‌క్యామ్‌గా వాడేవాళ్లకి కెమెరా వీడియోని వెబ్‌క్యామ్‌లా చూపించే వీ4ఎల్2లూప్‌బ్యాక్ మాడ్యూల్ కొత్త కెర్నల్‌కి మళ్లీ తయారు కావాలి. ఏదీ తేలకపోతే, పాత వెర్షన్ లైవ్ పెన్‌డ్రైవ్ (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపేది) నుంచి కంప్యూటర్ బూట్ చేసి కెమెరా పెట్టండి. అందులో పనిచేసి కొత్తదాంట్లో చేయకపోతే ఇక వాదన అక్కర్లేదు. ఫొటోలు అర్జెంటుగా కావాలంటే కార్డు తీసి కార్డ్ రీడర్‌లో పెట్టుకోండి. 32 జీబీ దాటిన ఎస్‌డీఎక్స్‌సీ కార్డులు ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో వస్తాయి. 2020లో వచ్చిన కెర్నల్ 5.7 నుంచి దానికి మంచి డ్రైవర్ లోపలే ఉంది. కార్డు తెరుచుకోకపోతే మాత్రం ఎవరు చెప్పినా ఫార్మాట్ బటన్ నొక్కొద్దు.

ఇంకో మోసం గురించి కూడా చెప్పాలి. ఇంటర్నెట్‌లో వెతికితే 'లినక్స్ కెమెరా డ్రైవర్' అంటూ డబ్బు కట్టమనేవి, తెలియని స్క్రిప్టుని సూడోతో నడపమనేవి ఎదురవుతాయి. పీటీపీ కెమెరాలకి లినక్స్‌లో కొనాల్సిన డ్రైవర్ ఏదీ లేదు. లిబ్‌జీఫోటో2 ఉచితం, మీ డిస్ట్రిబ్యూషన్ సొంత సాఫ్ట్‌వేర్ నిల్వ అయిన రిపాజిటరీలోనే దొరుకుతుంది. ఊరూ పేరూ లేని స్క్రిప్టుకి రూట్ అధికారం, అంటే సర్వాధికారం, ఇవ్వడమంటే కంప్యూటర్ మొత్తం అప్పగించడమే. ఫొటో ప్రోగ్రామ్‌నే సూడోతో తెరవమనే సలహా కూడా మంచిది కాదు. దిగిన ఫైళ్లన్నీ రూట్ పేరు మీద పడి, తర్వాత వాటిని మార్చడానికీ తీసేయడానికీ ఇబ్బంది పడతారు.

కొత్తగా కొనేవాళ్లకి నా మాట: పెట్టె మీద 'అన్ని కంప్యూటర్లతో పనిచేస్తుంది' అని ఉన్నంత మాత్రాన సరిపోదు. లిబ్‌జీఫోటో2 గుర్తించే కెమెరాల జాబితా అందరికీ అందుబాటులో ఉంది, 2,500కి పైగా మోడళ్లు అందులో ఉన్నాయి. మీరు చూస్తున్న మోడల్ ఉందో లేదో వెతకండి. మెనూలో మాస్ స్టోరేజ్ ఆప్షన్ కూడా ఉంటే ఇంకా మంచిది, అప్పుడు కెమెరా మామూలు పెన్‌డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. ఫొటోలు ఫోన్ యాప్ ద్వారా మాత్రమే దించుకోవాలనే మోడల్ అయితే నేనైతే కొనను. వీలుంటే మీ ల్యాప్‌టాప్ తీసుకెళ్లి, బిల్లు వేయకముందే కేబుల్ పెట్టి చూడండి. చూడనివ్వం అంటే వేరేచోట కొనుక్కోండి.

సర్వీస్‌కి వెళ్లక తప్పకపోతే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ ఫలితాన్ని ఫొటో తీసి పెట్టుకుని వెళ్లండి. ముందు వాళ్ల కంప్యూటర్‌లో మీ కళ్లెదురుగా పెట్టించండి, ఏ పరీక్ష చేసి ఏ భాగం పోయిందని తేల్చారో జాబ్ షీట్‌లో రాయమని అడగండి. నా షీట్‌లో ఆ గడి ఖాళీగానే ఉంది. దాన్ని జత చేసి, చెకింగ్ చార్జీ తిరిగి ఇవ్వమని రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టాను.