మిగిలింది పంచడమా, మిగలకుండా వండడమా?

రెస్టారెంట్లలో తిండి వృథా గురించి మాట రాగానే చాలామంది "మిగిలింది ఆకలితో ఉన్నవాళ్లకి పెట్టేస్తే సరి" అంటారు. మంచి మనసుతో అనే మాటే. కానీ మొదట చేయాల్సిన పని అది కాదు. నా ఓటు మిగలకుండా వండడానికే.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క ప్రకారం 2022లో ప్రపంచమంతా కలిపి 105 కోట్ల టన్నుల ఆహారం పారేశాం. అందులో దాదాపు 29 కోట్ల టన్నులు రెస్టారెంట్లు, క్యాంటీన్ల లాంటి చోట్ల పోయిందే. ఇంత తిండిని పంచి తీర్చడం అయ్యే పని కాదు.

ఎందుకంటే పంచగలిగేది ఎవరూ ముట్టుకోనిది మాత్రమే. ప్లేట్లో వదిలేసింది ఎవరికీ పెట్టలేం. వంట పాత్రలో మిగిలినదానికీ టైమ్ ముఖ్యం. వేడి వంటను 60 డిగ్రీల పైనే ఉంచాలి, లేదంటే త్వరగా చల్లార్చి 5 డిగ్రీల లోపు దాచాలి. ఈ రెండింటి మధ్య ఎక్కువసేపు ఉంటే బ్యాక్టీరియా పెరిగిపోతుంది. రాత్రి హోటల్ మూసే వేళకి డబ్బాలు, బండి, తీసుకెళ్లే మనిషి, అవతల తీసుకునేవాళ్లు అన్నీ కుదరాలి. ఒక్కటి తప్పినా ఆ తిండి చెత్తలోకే.

మిగలకుండా చూడడం మన వంటగదిలోనే మొదలవుతుంది. మూడు బకెట్లు పెట్టండి: తరిగిన తుక్కుకి ఒకటి, పాడైన సరుకుకి ఒకటి, ప్లేట్లలో మిగిలినదానికి ఒకటి. రోజూ తూకం వేసి రాసుకోండి. ఒక వారం సింక్ దగ్గర నిలబడి చూస్తే విషయం తెలిసిపోతుంది. పక్కన అలంకారానికి పెట్టిన సలాడ్ ముట్టుకోకుండా అలాగే తిరిగొస్తుంటే, అది అడిగినవాళ్లకే పెట్టడం మేలు. ఒకే వంటకం సగం సగం మిగిలిపోతుంటే వడ్డించే కొలత ఎక్కువైనట్టే. దానికి హాఫ్ ప్లేట్ పెట్టొచ్చు. బఫేలో చివరి గంటకి చిన్న గిన్నెలు చాలు. నార్వే హోటళ్లలో జరిగిన ఒక అధ్యయనంలో ప్లేటు సైజు తగ్గిస్తేనే వృథా సుమారు 20 శాతం తగ్గింది. అతిథులకి ఎవరూ ఏమీ చెప్పకుండానే!

ఖర్చు గురించి టెన్షన్ పడేవాళ్లకి ఇంకో లెక్క: 12 దేశాల్లో 114 రెస్టారెంట్లను పరిశీలించి 2019లో విడుదల చేసిన నివేదిక ప్రకారం, వృథా తగ్గించడానికి పెట్టిన ప్రతి డాలరుకీ మూడేళ్లలో సగటున 7 డాలర్లు మిగిలాయి.

ఎరువు చేయడం మూడో దారి. తొక్కలకి, తుక్కుకి అదే సరైనది. చెత్తకుప్పలో గాలి ఆడక కుళ్లి, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువును వదలడం కన్నా అది వెయ్యి రెట్లు నయం. కానీ చక్కగా వండిన కూరను ఎరువులో కలుపుతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. దానికి పట్టిన నీళ్లు, గ్యాస్, వంటవాళ్ల చెమట వెనక్కి రావు.

అయితే పంచడమే గెలిచే రోజులూ ఉంటాయి. రెండు వందల మందికి వండాక విందు రద్దవుతుంది, లేదా హోరున వాన పడి జనం రారు. అప్పుడు తప్పు ఎవరిదీ కాదు, వంటేమో బంగారంలా ఉంటుంది. అప్పటికప్పుడు ఫోన్లు తిప్పుతూ కూర్చుంటే వేడి తగ్గిపోతుంది. అందుకే తీసుకునేవాళ్లతో ముందే మాట్లాడుకుని, వాళ్ల నంబర్ వంటగది గోడ మీద, అందరికీ కనిపించేలా పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోవాలి.