డిక్కీ క్యారియర్, షిమానో ఆర్ఎస్ 100 వీల్స్: కడప రోడ్ల మీద వాడి చూసి రాస్తాండా

కడపలో రోడ్ బైక్ (సన్నటి టైర్ల స్పోర్ట్స్ సైకిల్) ఉన్నోళ్లకి పెద్ద తలనొప్పి ఏందంటే దాన్ని మంచి రోడ్డు దాకా చేర్చడమే. ఎర్రగుంట్ల వైపు పోతే సిమెంటు లారీలు, రాయచోటి వైపు పోతే గువ్వలచెరువు ఘాట్లో లారీల వెనకాలే పొగ తాగుతా ఎక్కాల. అదే జమ్మలమడుగు నుంచి గండికోటకి ఆ 15 కిలోమీటర్లు పొద్దున్నే తొక్కితే ఉంటాది చూడండి, బండ్లు తక్కువ, గాలి చల్లగా, చివర్లో పెన్నా లోయ. కాకపోతే జమ్మలమడుగు దాకా సైకిల్ కారులోనే పోవాల.

చిన్న కారులో వెనక సీటు మడిచి లోపల పెట్టొచ్చు గానీ రెండు వీల్సూ ఊడదీయాల, చైను గ్రీజు సీటుకి అంటుతాది, ఇంట్లోవాళ్లు కూర్చునేదానికి చోటుండదు. అందుకని డిక్కీకి పట్టీలతో కట్టే రకం క్యారియర్ తీసుకున్నా, దాంతో చానా సంతోషంగా ఉండా. పైన రెండు, పక్కల రెండు, కింద రెండు పట్టీలు, కొక్కేలు డిక్కీ రేకు అంచుకే పడాల, అద్దం అంచుకి తగిలించకండి. కట్టే ముందు డిక్కీ మీద దుమ్ము తడిగుడ్డతో తుడవండి, మన ఊరి దుమ్ము సంగతి తెలిసిందే కదా, రబ్బరు కాళ్ల కింద అది ఉండిపోతే కారు కదిలిన ప్రతిసారీ పెయింటు గీక్కుపోతాది.

ఇంకో రెండు చూసుకోండి. వెనక టైరు సైలెన్సర్ గొట్టానికి ఎదురుగా రాకూడదు, ఆ వేడికి టైరు పాడైపోతాది. ముందు చక్రం గాలికి తిరిగి బంపర్‌కి కొట్టుకుంటాది కాబట్టి పాత ట్యూబు ముక్కతో ఫ్రేముకి బిగించి కట్టేయండి, ట్యూబు సాగుతాది, గీతలు పడవు. పల్లెల్లో స్పీడ్ బ్రేకర్లు దాటినాక ఒకసారి ఆపి పట్టీలు లాగి చూడాల, మొదట్లో కొంచెం వదులవుతాయి. ఏ కంపెనీదైనా ఈ రకంతో ఒక ఇబ్బంది ఉంది, నంబర్ ప్లేటు, వెనక లైట్లు మరుగున పడతాయి, సైకిల్ కాస్త పైకి ఎత్తి కట్టి దూరం నుంచి కనపడతాండాయా లేదా అని నిలబడి చూసుకోండి. రాత్రిపూట నేనైతే దీంతో హైవే ఎక్కను.

ఇంగ వీల్స్. సైకిల్‌తో వచ్చిన వాటి స్థానంలో షిమానో ఆర్ఎస్ 100 వేయించినా. వేగం ఒక్కసారిగా పెరిగిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు, ఇవేం తేలికైన వీల్స్ కావు. కానీ ఎత్తు ఎక్కేటప్పుడు లేచి తొక్కితే చక్రం వంగినట్టు అనిపించదు, దిగేటప్పుడు నున్నగా జారిపోతాది. నాకు అన్నింటికన్నా నచ్చింది హబ్ (చక్రం మధ్యలో ఇరుసు ఉండే భాగం) లోపల కోను, బాల్స్ ఉండడం. మామూలు హీరో, అట్లాస్ సైకిళ్లలో ఉండేది కూడా ఇదే పద్ధతి కాబట్టి హబ్ విప్పి కడిగి గ్రీజు పెట్టి కోను సరిచేయడం మన సైకిల్ షాపు పెద్దాయనకి కూడా తెలుసు, పల్చటి కోను స్పానర్లు ఉంటే చాలు. సీల్డ్ బేరింగ్ (పాడైతే మొత్తంగా మార్చాల్సిన రకం) దొరక్క బెంగళూరు నుంచి తెప్పించుకునే బాధ లేదు.

నాది 9 స్పీడ్ క్యాసెట్, అంటే వెనక చక్రానికి తొమ్మిది పళ్లచక్రాల గుత్తి, ఈ హబ్ 11 స్పీడ్‌కి సరిపోయేంత పొడుగు, అందుకే క్యాసెట్ వెనక 1.85 మిల్లీమీటర్ల స్పేసర్ వేయాల. పల్చటి రింగే గానీ అది లేకుండా బిగిస్తే క్యాసెట్‌ని పట్టి ఉంచే లాక్‌రింగ్ ఎంత తిప్పినా పళ్లచక్రాలు లొడలొడ ఊగుతానే ఉంటాయి, కొనేటప్పుడే అడిగి తీసుకోండి. కొత్త రిమ్ వెడల్పు వేరేగా ఉంటాది కాబట్టి బ్రేక్ ప్యాడ్లు కూడా మళ్లీ సరిచేయాల, ప్యాడ్ టైరుని తాకకుండా రిమ్ మధ్యలో పడాల.

చేతిలో డబ్బు తక్కువుంటే మాత్రం వీల్స్ జోలికి పోకండి, ముందు క్యారియర్, దాని తర్వాత టైర్లు. మన రోడ్ల పక్కన అంతా కంపచెట్లే, ఆ ముల్లుకి తోడు పల్లేరుకాయలు, రోడ్డు అంచుకి దిగితే పంచరే. నేను కాంటినెంటల్ గేటర్‌స్కిన్ టైర్లు, 28 మిల్లీమీటర్ల వెడల్పువి వేసినా, కాస్త బరువు, కాస్త బిరుసు, అయినా సగం దారిలో ఎండలో కూర్చుని ట్యూబు మార్చేకన్నా ఆ బరువే నయం. పంచర్లు పూర్తిగా ఆగవు, బాగా తగ్గినాయి. గాలి మరీ రాయిలా కొట్టించొద్దు, నా బరువుకి 80 పీఎస్ఐ దగ్గర బాగుంది, గరుకు రోడ్డు మీద చేతులు నొప్పి పెట్టడం లేదు.

ఆర్ఎస్ 100 రిమ్ బ్రేక్ సైకిళ్లకే. డిస్క్ బ్రేక్ ఉన్నోళ్లు వేరే మోడల్ చూసుకోవాల, డబ్బులు కట్టే ముందు మీ ఫ్రేముకి చక్రం బిగించేది క్విక్ రిలీజా (లివర్ తిప్పితే ఊడే సన్న కడ్డీ), త్రూ యాక్సిలా (ఫ్రేములోంచి దూర్చి బిగించే లావు ఇరుసు) అనేది కూడా ఒకసారి చూసుకోండి.