తొట్లు పోసే చేతులతో విమానం కౌలింగ్

మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల వెళ్లే దారిలో నీళ్ల తొట్లు, కారు బంపర్లు, ట్రాక్టర్ టాపులు పోసే చిన్న ఫైబర్ గ్లాస్ షెడ్డు ఒకటి ఉంది. పెరట్లోని రేకుల కొట్టంలో నేను కట్టుకుంటున్న రెండు సీట్ల విమానానికి కౌలింగ్‌ను, అంటే ఇంజిన్‌ను కప్పి ఉంచుతూ చల్లగాలిని సిలిండర్ల మీదుగా నడిపించే తొడుగును, గత వేసవిలో అక్కడే రెండు భాగాలుగా చేయించుకున్నాను.

మేస్త్రి పనితనానికి వంక పెట్టలేను. గాలి లోపలికి వెళ్లే రంధ్రాల అంచుల దగ్గర వంపు ఎక్కువ కాబట్టి, గ్లాస్ క్లాత్‌ను 45 డిగ్రీల వాలుగా పరిచి, ముడత గానీ బుడగ గానీ మిగలకుండా రోలరుతో అణిచాడు.

చిక్కంతా రెజిన్ దగ్గర, అంటే గ్లాస్ క్లాత్‌ను తడిపి గట్టిపడే జిగురు దగ్గర వచ్చింది. తొట్లకు వాడే పాలిస్టర్ రెజిన్‌లో గట్టిపరిచే ద్రవాన్ని ఎండను బట్టి కొద్దిగా హెచ్చుతగ్గులుగా వేసుకునే వీలుంటుంది. నేను కొనిచ్చిన ఎపాక్సీ అనే మరో రకం రెజిన్‌లో ఆ వీలు లేదు, ఎందుకంటే అందులో హార్డనర్ నిర్ణీత పాళ్లలో రెజిన్‌తో కలిసి ఆ పదార్థంలోనే భాగమైపోతుంది. థర్మోకోల్ అచ్చు మీద పని కాబట్టి దాన్ని కరిగించే పాలిస్టర్‌ను వాడే ప్రశ్నే లేదు. అయినా "ఇంకింత పోస్తే జల్ది గట్టిపడుతది సార్" అంటూ మేస్త్రి కంటి కొలతతో కలిపిన మొదటి పొర మూడు రోజులైనా గోరు దిగేంత మెత్తగా ఉండిపోయింది; దాన్ని గీకి పారేయవలసి వచ్చింది. ఆ నష్టంలో సగమైనా షెడ్డు భరించి ఉండవలసిందని ఇప్పటికీ నా అభిప్రాయం.

మరునాటి నుంచి తూకం యంత్రం నేనే తీసుకెళ్లాను. 40 డిగ్రీలు దాటే పాలమూరు ఎండలో మగ్గు నిండా కలిపిన ఎపాక్సీ తన వేడికి తానే ఉడికి పొగలు కక్కుతుంది కాబట్టి, తెల్లవారుజామునే కొద్దికొద్దిగా కలిపి, వెడల్పాటి పళ్లెంలో పలుచగా పోసుకుని పని సాగించాము.

బిగింపులో మాత్రం మేస్త్రి ఓపిక చూసి ముచ్చటేసింది. అతడు కౌలింగ్ అంచును స్పిన్నర్‌తో, అంటే ప్రొపెల్లర్ మధ్యలో ఉండే శంఖాకారపు టోపీతో, సరిసమానంగా నిలిపాడు. ఇంజిన్ బరువుకు దాన్ని మోసే రబ్బరు దిమ్మెలు కాలక్రమంలో అణిగి స్పిన్నర్ కిందికి దిగుతుందని, అందుకే కౌలింగ్‌ను ఇప్పుడే సుమారు 3 మిల్లీమీటర్లు కిందికి ఉంచాలని చెప్పగానే, విసుక్కోకుండా బిగింపంతా విప్పి మళ్లీ సరిచేశాడు. పొగగొట్టాల వేడి తగిలే కింది భాగానికి లోపలివైపు అల్యూమినియం రేకు అంటించే పని ఆ షెడ్డులో చేయరు. అది ఎవరికి వారే చూసుకోవాలి.

కూలి 14,000 రూపాయలైంది. చెప్పిన గడువుకు పది రోజులు ఆలస్యమైనా, చక్రాల తొడుగుల పని కూడా అక్కడే ఇచ్చాను. ఈసారి వెళ్లేసరికి మేస్త్రి బల్ల మీద కొత్త తూకం యంత్రం ఉంది.