పొగ అలారంతో ఏడేళ్లు: నల్లకుంట ఫ్లాటులో మా అనుభవం

మాది హైదరాబాదు నల్లకుంటలో మూడో అంతస్తు ఫ్లాటు. మూడు పడగ్గదులు, మధ్యలో పొడవాటి హాలు, దాన్ని ఆనుకుని తలుపు లేని వంటగది. ఉండేది నేను, మావారు, మా అమ్మాయి, డెబ్బయి ఎనిమిదేళ్ల మా అత్తయ్య. 2018 డిసెంబరులో మొదటి పొగ అలారం బిగించాం. ఇప్పుడు నాలుగున్నాయి. కొనేటప్పుడు దుకాణంలో ఎవరూ చెప్పని సంగతులన్నీ వాడకంలోనే తెలిశాయి, అవే రాస్తున్నాను.

మేం తీసుకున్నది ఫోటోఎలక్ట్రిక్ రకం. లోపల చిన్న చీకటి గది, అందులో ఒక లైటు, దానికి ఎదురుగా కాకుండా పక్కకు తిప్పి పెట్టిన సెన్సారు ఉంటాయి. మామూలుగా ఆ వెలుగు సెన్సారు మీద పడదు. పొగ లోపలికి వస్తే వెలుగు చెదిరి సెన్సారుకు తగులుతుంది, అలారం మోగుతుంది. రెండో రకం అయొనైజేషన్ అలారం. అందులో అమెరీషియం-241 అనే రేడియోధార్మిక పదార్థం ఇసుమంత ఉంటుంది. భగ్గున లేచే మంటను అది కాస్త ముందుగా పసిగడుతుంది కానీ, మంట లేకుండా రాజుకునే పొగ విషయంలో వెనకబడుతుంది. వంటింటి ఆవిర్లకు అనవసరంగా మోగడం కూడా దానికే ఎక్కువ. వైర్లు, పరుపులు, దూది దిండ్లు ముందు కమిలి, చాలాసేపు పొగ కక్కి, ఆ తర్వాతే మండుతాయి. అందుకే ఇళ్లకు ఫోటోఎలక్ట్రిక్కే మేలని నా నమ్మకం.

మొదటి తప్పు బిగించిన చోటు. ఎలక్ట్రీషియన్ వచ్చి, "మేడం, పొగ వచ్చేది కిచెన్లనే గదా, గాడనే పెట్టాలె" అన్నాడు. సరే అన్నాను. వంటగది గుమ్మం మీదే పెట్టించాం. ఎండుమిర్చి తాలింపు వేసినా మోగేది, పుల్కాలు మంట మీద కాల్చినా మోగేది. పది రోజులకు మావారు బ్యాటరీ తీసి డ్రాయర్లో పడేశారు. మూడు నెలల పాటు అది గోడకు అలంకారంగానే ఉంది. ఆ మూడు నెలలు తలుచుకుంటే ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది, ఎందుకంటే అలారం ఉందన్న ధీమా మాకుంది, అలారం మాత్రం లేదు. అనవసరంగా మోగే అలారాన్ని ఎవరైనా నోరు మూయిస్తారు. తప్పు మనిషిది కాదు, చోటుది.

చోటు మార్చాక ఇన్నేళ్లలో తాలింపుకు మోగింది రెండే సార్లు. పొయ్యికి కనీసం మూడు మీటర్ల దూరం ఉండాలి. సీలింగుకే బిగించాలి. గోడకు పెట్టక తప్పకపోతే సీలింగు నుంచి ముప్ఫై సెంటీమీటర్లు దిగకూడదు. కిటికీ పక్కన, ఏసీ గాలి తగిలే చోట, బాత్రూం తలుపు ఎదురుగా పెట్టకూడదు. గీజరు వేడినీళ్ల ఆవిరి కూడా దానికి పొగలాగే కనిపిస్తుంది. సీలింగు ఫ్యాను రెక్కల చివర నుంచి తొంభై సెంటీమీటర్లయినా ఎడం ఉండాలి, లేదంటే ఆ గాలి పొగను పక్కకు తోసేస్తుంది. మన ఇళ్లలో ప్రతి గదికీ నడిమధ్య ఫ్యానే కాబట్టి ఈ ఒక్కటే కాస్త కొలుచుకోవాల్సిన పని. ఇంకో జాగ్రత్త, స్లాబులోపల ఫ్యాను కొక్కెం దాకా కరెంటు పైపులు పోయి ఉంటాయి. స్విచ్ బోర్డు పైనుంచి ఫ్యాను వైపు ఊహాగీత గీసుకుని, దానికి దూరంగా డ్రిల్లు వేయించండి.

ఇక ఆ రాత్రి సంగతి. 2022 మే నెల. హాల్లో దివాన్ వెనక ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉండేది. కూలరు, సెట్‌టాప్ బాక్సు, రెండు చార్జర్లు అన్నీ దానికే. తెల్లవారుజామున మూడు దాటాక అలారం మోగింది. మూడు కూతలు, చిన్న విరామం, మళ్లీ మూడు. లేచి చూస్తే హాల్లో సీలింగు కింద తెల్లగా పొర, ప్లాస్టిక్ కమిలిన వాసన. మావారు ముందు మెయిన్ ఆపేశారు. టార్చి వేసి దివాన్ జరిపితే కూలరు ప్లగ్గు దూర్చిన చోట బోర్డు కరిగి నల్లబడి ఉంది, దివాన్ మీది దుప్పటి అంచు అప్పుడప్పుడే మాడుతోంది. మంట ఇంకా లేవలేదు.

ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే తనంతట తనే పడిపోయే స్విచ్, ఎందుకు పడలేదని మరుసటి రోజు ఎలక్ట్రీషియన్‌ని అడిగాను. ప్లగ్గు పిన్ను వదులైతే అక్కడ వేడి పుడుతుంది కానీ కరెంటు ఎక్కువేమీ లాగదు, అందుకే ఎంసీబీకి తెలియదు అన్నాడు. పొగ వాసనకు మెలకువ వస్తుందనుకునేవాళ్లం, అదీ పొరపాటే. నిద్రలో ఉన్న మనిషికి వాసన తెలియదు. ఆ రాత్రి మా నలుగురినీ కాపాడింది తొమ్మిది వందల రూపాయల ఆ డబ్బీయే. ఈ మాట ఎన్నిసార్లయినా చెబుతాను.

అయితే అదే రాత్రి ఇంకో నిజం బయటపడింది. అత్తయ్య లేవలేదు. ఆవిడ గది తలుపు వేసి ఉంది. మావారు లోపలికి వెళ్లి భుజం పట్టి కుదిపి "అమ్మా, లే" అనేదాకా కళ్లు తెరవలేదు. అలారం మూడు మీటర్ల దూరంలో ఎనభై అయిదు డెసిబెల్స్ మోగుతుంది కానీ, మూసిన తలుపు దాటేసరికి ఆ జోరు తగ్గుతుంది. పైగా దాని కూత మూడు వేల హెర్ట్జ్ దరిదాపుల్లో ఉండే కీచుశబ్దం. వయసుతో ముందుగా పోయేది ఆ కీచుశబ్దాలు వినే శక్తే. 520 హెర్ట్జ్ బొంగురు శబ్దమైతే వినికిడి తగ్గినవాళ్లు బాగా మేలుకుంటారట. అలాంటివి విదేశాల్లో అమ్ముతారు, కోఠిలో, రాణిగంజ్‌లో తిరిగినా నాకు దొరకలేదు.

అందుకే ఆ జూన్‌లోనే ఒకదానితో ఒకటి వైర్లెస్‌గా కలిసే అలారాలు నాలుగు కొన్నాం. హాల్లో ఒకటి, మూడు పడగ్గదుల్లో మూడు. ఎక్కడ పొగ పుట్టినా నాలుగూ మోగుతాయి. ఒక మధ్యాహ్నం అత్తయ్యకు చెప్పకుండానే, ఆవిడ నిద్రపోతుండగా పరీక్షించాం. నెత్తి మీదే మోగినా ఆవిడ కదలడానికి చాలాసేపు పట్టింది. దాంతో తీర్మానించుకున్నాం: అలారం మోగితే అత్తయ్యను లేపడం అమ్మాయి పని, మెయిన్ ఆపడం మావారి పని, వీధి తలుపు తీసి 101కి ఫోను చేయడం నా పని. ముసలివాళ్లున్న ఇంట్లో అలారం కొంటే సగం పనే అయినట్టు. పరికరం వల్ల కాని సగం మనుషులు పంచుకోవాలి.

పాత అలారాన్ని హనుమకొండలో మా అమ్మ వాళ్లింట్లో బిగించాం. దాని వెనక తయారీ ఏడాది 2017 అని ఉంది. పొగ అలారాల ఆయుష్షు పదేళ్లు, అదీ కొన్న రోజు నుంచి కాదు, తయారైన రోజు నుంచి. మీరు కొనేటప్పుడు డబ్బీ తిప్పి ఆ తేదీ చూడండి. మాకు అమ్మిన దుకాణం ఏడాది పాత సరుకు అంటగట్టింది, అంటే ఒక ఏడాది కొనకముందే పోయింది.

నిర్వహణ పెద్ద పనేం కాదు, మానకూడదంతే. నెలకోసారి బటన్ నొక్కి చూస్తాం. మొదట్లో అగరుబత్తి పొగతో పరీక్షించేదాన్ని, ఆ జిడ్డు లోపల పేరుకుంటుందని తెలిసి మానేశాను. వ్యాక్యూమ్ క్లీనరు మెత్తటి బ్రష్షుతో అంచుల దుమ్ము లాగేస్తాను. మెట్రో పనులు జరిగిన రోజుల్లో ఇంట్లో ఎంత దుమ్ము పడిందో మా వైపు వాళ్లందరికీ తెలుసు. ఆ దుమ్మూ, సాలెపురుగులూ లోపల చేరితే సెన్సారుకు పొగలాగే కనిపిస్తాయి. పాతదానికి తొమ్మిది వోల్టుల బ్యాటరీ. చవక బ్యాటరీ అయిదు నెలలకే పోయింది, ఆల్కలైన్ వేస్తే ఏడాది పైన వచ్చింది. బ్యాటరీ అయిపోవస్తే నిమిషానికోసారి కిచుమంటుంది. అది దాదాపు ఎప్పుడూ డిసెంబరు తెల్లవారుజామునే మొదలవుతుంది, చలికి బ్యాటరీ వోల్టేజి పడిపోతుంది కాబట్టి. కొత్తవాటిలో పదేళ్లు వచ్చే లిథియం బ్యాటరీ సీలు వేసే ఉంటుంది, ఆ బాధ లేదు.

శుక్రవారం సాంబ్రాణి వేసేటప్పుడు హాల్లోదాని నిశ్శబ్దం బటన్ నొక్కుతాను, కొన్ని నిమిషాల తర్వాత తనంతట తనే మళ్లీ పనిలోకి వస్తుంది. బ్యాటరీ మాత్రం ముట్టుకోను. జీహెచ్ఎంసీ వాళ్లు దోమల ఫాగింగ్‌కు వస్తే కిటికీలు మూస్తాం. సంక్రాంతికి రంగులు వేయించినప్పుడు పాలిథిన్ కవరు తొడిగి, పని ముగిసిన సాయంత్రమే తీసేశాం. రంగు పడిన అలారం ఇక పనికిరాదు.

ఒక లోటు చెప్పాలి. నా అలారాల పెట్టె మీద 4 నుంచి 38 డిగ్రీల మధ్య వాడాలని ఉంది. మే నెలలో హైదరాబాదు ఎండకు పైఅంతస్తు ఇళ్లలో సీలింగు దగ్గర అంతకన్నా ఎక్కువే కాగుతుంది. మా పైన ఇంకో అంతస్తు ఉంది కాబట్టి ఇబ్బంది రాలేదు. పై అంతస్తులో ఉండేవాళ్లు ఆ అంకె చూసి కొనండి. ఇంకో మాట, ఇది గ్యాసు లీకును పట్టదు. సిలిండరు గ్యాసు గాలికన్నా బరువు, నేలబారునే పాకుతుంది. దానికి వేరే డిటెక్టరు, నేలకు దగ్గరగా పెట్టాలి. మేం వంటగదిలో అదొకటి పెట్టాం.

2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో మంటలు రేగి ఒకే భవనంలో పదిహేడు మంది పోయారు, అందులో ఎనిమిది మంది పిల్లలు. తెల్లవారాక జరిగిన ఘోరం అది, బయటికి దారి ఇరుకు. ఆ వార్త విన్న సాయంత్రం నేను మా బాల్కనీ గ్రిల్లు వైపు చూశాను. దానికి తాళం, తాళంచెవి మాత్రం బీరువాలో నగల పెట్టె పక్కన ఉంది. అలారం మోగాక మనిషి బయటపడే దారి ఉండాలి కదా. ఇప్పుడా చెవి గ్రిల్లు పక్కనే, పిల్లకు కూడా అందే ఎత్తులో మేకుకు వేలాడుతోంది. అమ్మాయి నెలకోసారి అలారం బటన్ నొక్కిన రోజే ఆ తాళం కూడా ఒకసారి తీసి, రెండు చుక్కల నూనె వేసి, మళ్లీ వేస్తుంది.