పదమూడేళ్ల కారు, దాని స్టీరింగ్, నా కుడి భుజం

మైలేజీ, పికప్, డిక్కీలో ఎన్ని సూట్‌కేసులు పడతాయి... ఇవేవీ రాయను. 2012 నాటి చిన్న పెట్రోలు కారు గురించి ఆ వివరాలు ఇప్పుడు ఎవరికి కావాలి? నేను రాసేదల్లా దాని స్టీరింగ్ గురించి. కొన్నదీ దానికోసమే, ఈమధ్య నిద్ర పోగొట్టిందీ అదే.

2012 దసరాకి ఇంటికొచ్చింది. ఏపీ 09 నంబరు ప్లేటు. నలభై దాటాక డ్రైవింగ్ నేర్చుకున్న మనిషిని నేను. డ్రైవింగ్ స్కూలు పాత బండి స్టీరింగ్ తిప్పీ తిప్పీ చేతులు పడిపోయాక ఇది ఎక్కితే వెన్నపూసలో వేలు పెట్టినట్టుండేది. ఎవరడిగినా ఒకటే చెప్పేదాన్ని: "చిటికెన వేలితో తిప్పొచ్చు, కళ్లు మూసుకుని కొనుక్కోండి." నా మాట విని మా ఆడపడుచు కూడా అదే మోడల్ కొంది. అప్పుడు ఆమెకు చెప్పని సంగతి ఒకటుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద స్పీడు తొంభై దాటితే ఆ తేలికే గుబులు పుట్టించేది. బండి నా చేతిలో ఉందో గాల్లో ఉందో తెలిసేది కాదు. ఔటర్ ఎక్కేది ఏడాదికి రెండు మూడు సార్లే కాబట్టి పట్టించుకోలేదు.

నేను ఉండేది వనస్థలిపురం, ఆఫీసు కోఠి. ఆ దారిలో తిరిగేవాళ్లకు తెలుసు, సిగ్నళ్లు మూసేసి యూటర్న్‌లు పెట్టాక ఎదురుగా కనిపిస్తున్న షాపుకి వెళ్లాలన్నా మెట్రో పిల్లర్ల పక్కనుంచి అంతదూరం పోయి తిరిగి రావాలి. పైగా మూడేళ్ల కిందట నాకు కుడి భుజం ఫ్రోజెన్ షోల్డర్ అయింది. ఫిజియోథెరపీతో చాలావరకు తగ్గింది గానీ చెయ్యి పూర్తిగా లేవదు. అందుకని ఈ స్టీరింగ్ నాకు సోకు కాదు, అవసరం.

కిందటి శ్రావణమాసం, వరలక్ష్మీ వ్రతం ముందురోజు సాయంత్రం. వాన. కొత్తపేటలో పూలు, అరటిపిలకలు కొని వెనక సీట్లో పెట్టుకుని యూటర్న్ దగ్గర నిలబడ్డాను. సందు దొరికింది, తిప్పాను. సగం తిరిగాక స్టీరింగ్ బిగుసుకుంది. డ్యాష్‌బోర్డు మీద స్టీరింగ్ బొమ్మతో పసుపు లైటు వెలిగింది. ఎడమ చేత్తో లాగుతున్నాను, కుడి చెయ్యి భుజం దగ్గరే ఆగిపోతోంది. ఎదురుగా బస్సు, వెనక హారన్లు. అసలు తిరగడమే మానేసిందని అనుకున్నాను. నిజానికి ఇలాంటి ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్‌లో తిప్పడానికి మోటారు చేసే సాయం ఆగిపోతుంది గానీ చక్రాలతో లింకు తెగదు. బలం పెడితే తిరుగుతుంది. బండి ఎంత నెమ్మదిగా ఉంటే అంత బరువు. యూటర్న్ కంటే నెమ్మది ఇంకేముంటుంది? ఇదంతా తర్వాత తెలిసింది. ఆ క్షణంలో ఒక ఆటో అన్న దిగొచ్చి, కిటికీలోంచి చెయ్యి పెట్టి నాతోపాటు తిప్పాడు. "తిరుగుతుందమ్మా, గట్టిగ వట్టుకో" అన్నాడు. మర్నాడు పూజలో కూర్చున్నానన్న మాటే గానీ, కలశం ఎత్తింది మా ఆయన.

సర్వీస్ సెంటరువాళ్లు కంప్యూటరు తగిలించి చూసి, మోటారుతో సహా స్టీరింగ్ కాలమ్, అంటే స్టీరింగ్ కింద ఉండే కడ్డీ భాగం, మొత్తం మార్చాలన్నారు. 42 వేలు, లేబరు వేరే. అంతకు పది రోజుల ముందే ఎక్స్ఛేంజిలో ఈ కారుకి 85 వేలు ఇస్తామన్నారు. "బండి ధరలో సగం పెట్టి స్టీరింగా?" అని మా ఆయన. ఆ లెక్క ఎక్కడో తప్పని అప్పుడే అనిపించింది. 85 వేలు ఎదుటివాడు ఇచ్చే ధర. నాకు ఇంకో మూడేళ్లు కారు కావాలంటే అయ్యే ఖర్చు అది కాదు కదా.

మా ఆఫీసుకి పక్కనే పుత్లిబౌలి. అక్కడొక ఆటో ఎలక్ట్రీషియన్ ఉన్నాడు, అందరూ ఉస్తాద్ అంటారు. "కంపెనీవాళ్లు రిపేరు చెయ్యరమ్మా, మారుస్తరు. మేం రిపేరు చేస్తం" అన్నాడు. స్టీరింగ్ మోటారు కరెంటు బాగా లాగుతుందట, బ్యాటరీ నీరసంగా ఉన్నా ఎర్తింగ్ వైరు తుప్పు పట్టినా ముందు తప్పుకునేది అదేనట. నా బ్యాటరీకి నాలుగేళ్లు, వైరేమో పచ్చబడిపోయింది. కొత్త బ్యాటరీ 4,800, వైరుకి 500. లైటు ఆరింది. ఇరవై నాలుగు రోజులు ఆ ఉస్తాద్ గురించి కనిపించినవాళ్లందరికీ గొప్పగా చెప్పాను.

ఇరవై అయిదో రోజు ఆఫీసు పార్కింగులో మళ్లీ అదే లైటు.

ఈసారి మోటారు విప్పి, లోపల కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయని చూపించాడు. చివరికి ఆయన కూడా మార్చడమే చేశాడు: తుక్కుకి పోయిన అదే మోడల్ కారులోంచి తీసిన కాలమ్, ఫిట్టింగుతో కలిపి 13,500. గ్యారంటీ ఏదంటే, "పది రోజులు చూడండమ్మా" అన్నాడు.

ఇప్పటికి ఆర్నెల్లయింది, లైటు మళ్లీ వెలగలేదు. కానీ చిటికెన వేలి మాట ఇక అననుగాక అనను. పూర్తిగా తిప్పినప్పుడు లోపల ఎక్కడో "టక్" మంటుంది. మలుపు తిరిగాక తనంతట తాను సగం దూరమే వెనక్కొస్తుంది, మిగతా సగం నేనే తేవాలి. అలవాటయిందనే చెప్పాలి. ఆడపడుచుకి మాత్రం ఫోన్ చేసి బ్యాటరీ చెక్ చేయించుకోమన్నాను.

అమ్మేద్దామా అంటే, మొత్తం అయిన ఖర్చు 18,800. కొత్త కారుకి రెండు నెలల కిస్తీ కూడా కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. కొత్తవాటి ధర తగ్గిందని మురిసేలోపు, నా పాతదానికి 70 వేలకు మించి రావన్నారు. కింది ఫ్లాటాయన, ఢిల్లీలో రూలు పెట్టినట్టు ఇక్కడా పదిహేనేళ్లు నిండితే పెట్రోలు బళ్లు ఆపేస్తారని భయపెడుతుంటాడు. మన దగ్గర అలా లేదు. ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ టాక్స్ కట్టి, ఇంకో అయిదేళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు. నాకు ఆ గడువు 2027లో వస్తుంది. నన్ను కాస్త తొలిచేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే. పాత బళ్ల రబ్బరు పైపులు, సీళ్లు దానికి తట్టుకునేలా చేసినవి కావంటారు. రెండు పైపులు మార్పించాను, మైలేజీ కూడా కొంచెం తగ్గింది.

కాబట్టి ఇప్పటికి ఉంచుకుంటున్నాను. రోజుకి పాతిక కిలోమీటర్లే తిప్పుతాను, మోకాళ్లు సహకరించిన రోజు మెట్రో ఉంది, ఉస్తాద్ ఆఫీసు పక్కనే ఉన్నాడు. రోజూ గచ్చిబౌలి దాకా పోయేవాళ్లకు, చంటిపిల్లలతో రాత్రిళ్లు తిరిగేవాళ్లకు నా లెక్క పనికిరాదు. భుజం మళ్లీ మొండికేస్తే నాకూ పనికిరాదు.

మా అబ్బాయి మాత్రం వదలడం లేదు. తెలంగాణలో ఎలక్ట్రిక్ బళ్లకు రోడ్ టాక్స్ మినహాయింపు 2026 డిసెంబరు 31 వరకే అని వారానికోసారి గుర్తుచేస్తాడు. వచ్చే ఆదివారం టెస్ట్ డ్రైవ్ బుక్ చేశాడు. షోరూమువాళ్లకు ఫోన్ చేసి, కొత్తపేట యూటర్న్ మీదుగా తీసుకెళ్తేనే వస్తానని చెప్పాను.