బొలోన్యాలో పాస్తా క్లాసు: కర్ర మీ చేతికి వస్తుందా?

ఇటలీ వెళ్ళే మనవాళ్ళ ప్రయాణ పట్టికలో రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ ఉండి తీరతాయి. పాస్తా క్లాసు కూడా ఆ మూడింట్లోనే ఎక్కడో ఒకచోట బుక్ చేసేస్తారు. పాస్తా చేయడంలో చెయ్యి నిజంగా తిరగాలంటే మాత్రం ఒక పగలు, ఒక రాత్రి బొలోన్యాకు ఇవ్వండి. ఫ్లోరెన్స్ నుంచి వేగపు రైలుకు పట్టేది 40 నిమిషాలలోపే. మిలాన్ నుంచయినా గంటా పావుకు మించదు.

బొలోన్యానే ఎందుకంటే, గుడ్డు పిండిని చేత్తో పల్చని రేకుగా పరిచే విద్యకు ఈ ఊరు పుట్టిల్లు. ఆ రేకును స్ఫోల్యా అంటారు, పరిచే ఆవిడను స్ఫోల్యీనా అంటారు, పొడవాటి కర్ర పేరు మత్తరెల్లో. తాల్యతెల్లే అనే రిబ్బన్ పాస్తా ఎంత వెడల్పుండాలో కూడా ఇక్కడ రాసి పెట్టుకున్నారు. 1972లో బొలోన్యా వాణిజ్య మండలిలో నమోదు చేసిన కొలత ప్రకారం ఉడికిన తాల్యతెల్లే 8 మిల్లీమీటర్లు ఉండాలి, అంటే ఊరి నడుమ ఉన్న అసినెల్లీ బురుజు ఎత్తులో 12,270వ వంతు. చిన్న చతురస్రాలలో మాంసపు ముద్ద పెట్టి మడిచే తోర్తెల్లీనికి 1974లో, రాగూ అనే మాంసం కూరకు 1982లో వంట పద్ధతులను అలాగే నమోదు చేశారు. రాగూ వంటకాన్ని 2023లో సవరించారు కూడా. పిండి వంటను ఇంత పట్టుదలగా చూసుకునే ఊళ్ళో నేర్పించే తీరే వేరుగా ఉంటుంది.

రోమ్, ఫ్లోరెన్స్‌లలో పర్యాటకుల కోసం నడిచే క్లాసులు చాలావరకు రెండు మూడు గంటలవి. పాస్తా, తిరమిసు అనే తీపి వంటకం, కావలసినంత వైను ఒకే ప్యాకేజీలో వస్తాయి. పిల్లలతోనో, స్నేహితులతోనో ఒక సాయంత్రం సరదాగా గడపడానికి అవి బాగానే ఉంటాయి. అయితే చాలాచోట్ల పిండి ముందే కలిపి ఉంటుంది, లేకపోతే రేకును చేతి యంత్రంలోంచి లాగిస్తారు. పది పదిహేను మందికి రెండు యంత్రాలుంటే మీ వంతుకు వచ్చేది నాలుగు తిప్పులే. ఇంటికొచ్చాక చేతికి ఏమీ గుర్తుండదు.

అందుకే డబ్బు కట్టేముందు నాలుగు సంగతులు రాసి అడగండి. ఒక్కొక్కరికి విడి పీట, విడి కర్ర ఇస్తారా? పిండి మేమే కలుపుతామా? గుంపులో గరిష్ఠంగా ఎంతమంది? ఎన్ని ఆకారాలు చేయిస్తారు? చివరి ప్రశ్నకు రెండు లేక మూడు అన్న జవాబే మంచిది. మూడు గంటల్లో ఆరు ఆకారాలంటే మీరు చూస్తూ నిలబడతారు, చేసేది వాళ్ళే.

బొలోన్యాలో క్లాసులు రెండు రకాలు. వంటశాలల్లో జరిగేవాటికి మంచి పీటలు, వెలుతురు, ఇంగ్లీషు వచ్చిన టీచరు ఉంటారు. గుంపు ఎనిమిది మంది దాటితే మీ రేకు ఎందుకు చిరిగిందో చెప్పే తీరిక ఆ టీచరుకు ఉండదు. రెండో రకం ఇళ్ళలో జరిగేవి. 2004లో బొలోన్యాలోనే మొదలైన చెజరీనే అనే గృహిణుల బృందం ద్వారా ఇలాంటివి బుక్ చేసుకోవచ్చు. చాలాసార్లు కొద్దిమందే ఉంటారు, తప్పు చేసిన చోటే చెయ్యి పట్టుకుని దిద్దుతారు. ఖర్చు ఎక్కువ, ఇల్లు ఊరికి దూరంగా ఉండొచ్చు, అందరికీ ఇంగ్లీషు ధారాళంగా రాదు. అయినా నేర్చుకోవడమే ఉద్దేశమైతే ఇంట్లో జరిగే క్లాసే మేలు. మొత్తం మీద తలకు సుమారు 70 నుంచి 150 యూరోల మధ్య అనుకోండి. ముందు బజారు చూపించి తర్వాత వంటలోకి దిగే క్లాసులో ఒక గంట తిరగడానికే పోతుంది. క్వాద్రిలాతెరో సందులను, మెర్కాతో దెల్లే ఎర్బే బజారును ఉదయాన్నే మీ అంతట మీరే చూసి, ఆ గంటను పీట దగ్గర వాడుకోండి.

ఇక పని సంగతి. లెక్క తేలిక: మనిషికి 100 గ్రాముల పిండి, ఒక గుడ్డు. పిండి దొప్పియో జీరో రకం, అంటే రెండు సున్నాల గుర్తున్న మెత్తటి గోధుమ పిండి. చేతులకున్న గాజులు, ఉంగరాలు ముందే తీసేయండి, మెత్తటి రేకు మీద వాటి అంచు తగిలితే చిల్లే. పిండిని చెక్క పీట మీద గుట్టగా పోసి, మధ్యలో గుంట చేసి, గుడ్లు కొట్టి, ఫోర్కుతో గిలక్కొడుతూ లోపలి అంచునుంచి కొంచెం కొంచెంగా పిండి కలుపుకొస్తారు. తొందరపడి గట్టు తెంచారా, గుడ్డు పీటంతా పారుతుంది. ముద్ద అయ్యాక అరచేతి మడమతో పది పదిహేను నిమిషాలు పిసకాలి. పూరీ పిండి కన్నా గట్టిగా ఉండటం చూసి మనవాళ్ళు నీళ్ళు అడుగుతారు. పోయకండి. పది నిమిషాలు పిసికేసరికి గుడ్డులోని తడే పిండిని మెత్తబరుస్తుంది. గుడ్డు మరీ చిన్నదైతే అరచెంచా నీళ్ళు చాలు.

తర్వాత గిన్నె బోర్లించి అరగంట వదిలేస్తారు. ఈ అరగంట తగ్గించే క్లాసును నమ్మొద్దు. పిసికినప్పుడు బిగుసుకున్న జిగురు వదులైతేనే రేకు సాగుతుంది. లేకుంటే కర్ర తీయగానే మళ్ళీ ముడుచుకుంటుంది, బలం పెట్టి తోస్తే చిరుగుతుంది.

పరచడమే అసలు విద్య. చపాతీకి అలవాటైన చెయ్యి ఇక్కడ రెండు పొరపాట్లు చేస్తుంది. ఒకటి, కర్రను అంచు దాకా నొక్కడం. దాంతో అంచు పల్చబడి మధ్య లావుగా మిగులుతుంది. కర్రను మధ్యనుంచి మీకు దూరంగా ఉన్న అంచు వైపు మాత్రమే తోసి, అంచుకు ముందే ఆపి, ముద్దను కొద్దిగా తిప్పి, మళ్ళీ తోయాలి. రెండోది, మాటిమాటికీ పొడి పిండి చల్లడం. రేకు జారిపోయి సాగదు, ఉడికించిన నీళ్ళు గంజిలా అవుతాయి. రేకు పళ్ళెమంత అయ్యాక దాని దూరపు అంచును కర్రకు చుట్టి, ముందుకూ వెనక్కూ దొర్లిస్తూ, రెండు అరచేతులను కర్ర మధ్యనుంచి చివరలకు జరుపుతారు. అలా చేస్తే పిండి అడ్డంగా సాగుతుంది. రేకు దిగువ భాగాన్ని పీట అంచునుంచి కిందికి వేలాడనిచ్చి, పొట్టతో ఆనించి పట్టుకోవడం అక్కడివాళ్ళ ఒడుపు. రెండు గుడ్ల ముద్ద సుమారు 60 సెంటీమీటర్ల గుండ్రని రేకు కావాలి. అప్పుడు మందం మిల్లీమీటరుకు కొంచెం తక్కువ ఉంటుంది. రేకు ఎత్తి పట్టుకుంటే కొండ మీది సాన్ లూకా గుడి అందులోంచి కనబడాలని ఆ ఊరి మాట. మొదటి రోజున మీ వేళ్ళ నీడ కనబడితే చాలు. ఆత్రేయపురం పూతరేకు చూసిన కళ్ళకు ఈ పట్టుదల ఎందుకో వెంటనే అర్థమవుతుంది.

పీట చెక్కదే ఎందుకన్న ప్రశ్నకూ జవాబుంది. చెక్క గరుకు రేకుకు అంటి దాని పైభాగం కొంచెం గరుకవుతుంది, కూర దాన్ని పట్టుకుంటుంది. స్టీలు బల్ల మీద పరిచినదో, నున్నటి యంత్రంలోంచి వచ్చినదో అయితే రాగూ జారి పళ్ళెం అడుగుకు చేరుతుంది.

కోతలో ఆరబెట్టడమే కీలకం. తాల్యతెల్లేకు రేకును పది నిమిషాలపాటు ఆరనిస్తారు. వేలికి అంటకూడదు, మడిస్తే విరగకూడదు. తడిగా చుడితే పొరలు అతుక్కుపోతాయి, ఎక్కువ ఆరితే మడతలో పెళుసుగా తెగిపోతాయి. ఉడికితే ఉబ్బుతాయి కాబట్టి 7 మిల్లీమీటర్ల దగ్గర కోయాలి. తోర్తెల్లీనికి దీనికి పూర్తిగా వ్యతిరేకం: ఒక్క నిమిషం కూడా ఆరనివ్వకూడదు. 3, 4 సెంటీమీటర్ల చతురస్రాలుగా కోసి, మిగతా రేకును గుడ్డతో కప్పి, బఠాణీ గింజంత ముద్ద పెట్టి, త్రిభుజంగా మడిచి, చిటికెన వేలికి చుట్టి కొసలు అంటిస్తారు. నీళ్ళల్లో విచ్చుకుపోయాయంటే కారణం మూడింట్లో ఒకటి: అంచు ఆరిపోయింది, ముద్ద ఎక్కువైంది, లోపల గాలి మిగిలింది. కజ్జికాయ అంచు ఒత్తిన చెయ్యికి ఇవేమీ కొత్త కావు. తాజా తాల్యతెల్లేకు మరిగే నీళ్ళల్లో రెండు మూడు నిమిషాలు చాలు. 100 గ్రాముల పాస్తాకు లీటరు నీళ్ళు, 10 గ్రాముల ఉప్పు. నీళ్ళల్లో నూనె వద్దు, వేస్తే కూర అంటదు.

తిండి పట్టింపులు ఉన్నవాళ్ళు ముందే చెప్పి తీరాలి. తోర్తెల్లీని లోపలి ముద్దలో పంది మాంసం, హామ్, మొర్తదెల్లా అనే పంది మాంసపు సాసేజ్ ఉంటాయి. దాన్ని వడ్డించే చారు కోడి, గొడ్డు మాంసాలతో కాస్తారు. రాగూలో గొడ్డు మాంసం, పంది మాంసం రెండూ ఉంటాయి. ఇవి వద్దనుకుంటే రికొత్తా అనే మెత్తటి చీజ్ నింపిన తోర్తెల్లోనీ, వెన్న, సేజ్ ఆకులతో అడగండి. ఆకారం పెద్దది కావడంతో కొత్త చేతులకు మడవడమూ సులువు. అయినా అందులో కలిపే పర్మిజానో చీజ్‌ను దూడ పొట్టలోని రెన్నెట్‌తో తోడుపెడతారు, కాబట్టి నికార్సయిన శాకాహారికి అదీ పనికిరాదు. తిరమిసులో పచ్చి గుడ్డు ఉంటుందన్నది చాలామందికి తట్టదు.

గుడ్డే తినని వాళ్ళు బొలోన్యాను పట్టుకు వేలాడనక్కరలేదు. దక్షిణాన బారి పట్టణానికి వెళ్ళండి. అక్కడి ఒరెక్కియెత్తే అనే పాస్తాను సెమోలా అనే సన్నటి గోధుమ రవ్వ, నీళ్ళతోనే చేస్తారు: 100 గ్రాములకు 45, 50 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్ళు. పాత ఊళ్ళో ఆర్కో బాస్సో వీధిలో ఆడవాళ్ళు గుమ్మాల ముందు బల్లలు వేసుకుని కత్తి మొనతో పిండి తునకలను లాగి చిన్న చెవుల్లా తిప్పేస్తుంటారు. చూడటానికి తేలిక, చెయ్యడానికి కష్టం. కత్తిని నిలబెట్టకుండా వాల్చి, నొక్కుతూ తనవైపుకు లాగాలి. కర్ర పని లేదు కాబట్టి పిల్లలకూ నప్పుతుంది.

బస విషయంలో మా సలహా, బొలోన్యాలో పొయ్యి ఉన్న చిన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. మిగిలిన పాస్తా ఇచ్చి పంపే క్లాసులున్నాయి, అది ఆ రాత్రికే వండుకోవాలి. మాంసం నింపినదైతే ఫ్రిజ్‌లో పెట్టక తప్పదు. పాత భవనాల్లో లిఫ్టు ఉండకపోవచ్చు, పెద్దవాళ్ళతో వెళ్తే ముందే అడగండి. స్టేషన్ దగ్గరి హోటళ్ళు సామానుతో వచ్చేవాళ్ళకు అనుకూలం. ఇన్దిపెందెన్త్సా వీధి వెంట అరుగుల కప్పు కిందే నడిచి ఇరవై నిమిషాల్లో మజ్జోరె కూడలికి చేరవచ్చు, వానొచ్చినా తడవరు. జంబోని వీధి విద్యార్థులది, రాత్రి గోల ఎక్కువ. వసంతంలో కోస్మోప్రోఫ్ అనే సౌందర్య సాధనాల ప్రదర్శన, పిల్లల పుస్తకాల సంత జరిగే రోజుల్లో గది అద్దెలు విపరీతంగా పెరుగుతాయి, తేదీలు చూసుకోండి. ఆగస్టు 15 చుట్టుపక్కల చాలా దుకాణాలు, వంటశాలలు మూసేస్తారు. ఊరి పన్ను గది అద్దెకు అదనంగా, తలకు రాత్రికి ఇంతని కట్టాలి. వేగపు రైళ్ళు భూమి లోపలి ప్లాట్‌ఫారాలకు వస్తాయి. పైకి రావడానికీ, తిరుగు రైలుకు కిందికి దిగడానికీ పావుగంట అదనంగా పెట్టుకోండి.

ఇంటికొచ్చాక మైదాతో రేకు బాగానే వస్తుంది. మన గుడ్లు చిన్నవి కావచ్చు, కాబట్టి లెక్కపెట్టకుండా తూచండి: 100 గ్రాముల మైదాకు పెంకు తీసిన గుడ్డు 55 గ్రాములు. సొన రంగు కోడి మేతను బట్టి ఉంటుంది, పసుపు తక్కువైతే అది మీ తప్పు కాదు. పరిచేటప్పుడు ఫ్యాను ఆపేయండి, మన ఫ్యాను గాలికి రేకు అంచు రెండు నిమిషాల్లో పగుళ్ళు తీస్తుంది. ఒరెక్కియెత్తేకు ఉప్మా రవ్వ బరక, అది పనికిరాదు. సెమోలా రిమచినాతా, అంటే మళ్ళీ మెత్తగా విసిరిన సెమోలా, కిలో ప్యాకెట్ అక్కడే సూపర్ మార్కెట్‌లో కొనుక్కోండి. మత్తరెల్లో కొనాలనిపిస్తే మీటరుది పెట్టెలో పట్టదు. 60 సెంటీమీటర్లది తీసుకుని చెక్-ఇన్ సామానులో పెట్టండి, చేతి సంచిలో ఉంటే భద్రతా తనిఖీలో తీసేసుకోవచ్చు. ఆ పొడవు రెండు గుడ్ల రేకుకు సరిగ్గా సరిపోతుంది.